నార్త్ కోస్ట్ 500: మోటర్‌హోమా, చిన్న వ్యానా, కారూ గదులా?

స్కాట్లాండ్ ఉత్తర కొసన సముద్రాన్ని ఆనుకుని తిరిగే దారి పేరు నార్త్ కోస్ట్ 500. ఇన్వర్నెస్ కోట దగ్గర మొదలై, పడమటి తీరం వెంట పైకి వెళ్ళి, డర్నెస్, థర్సో, జాన్ ఓ గ్రోట్స్ చుట్టి, తూర్పు తీరం మీదుగా మళ్ళీ ఇన్వర్నెస్‌కే వస్తుంది. మొత్తం 516 మైళ్ళు, అంటే 830 కిలోమీటర్లు. రోడ్లు పాతవే. 2015లో వాటన్నిటినీ కలిపి ఈ పేరు పెట్టారు. అప్పట్నుంచి యూకేలో ఉన్న మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో వేసవి వస్తోందంటే చాలు, ఇదే ప్రశ్న: "మోటర్‌హోమ్ తీసుకోవాలా, కారులో వెళ్ళిపోతే సరిపోతుందా?"

నేను మూడు రకాలుగానూ వెళ్ళొచ్చాను. మొదటిసారి జూలైలో, అమ్మానాన్నలు ఇక్కడికి వచ్చినప్పుడు, ఏడు మీటర్ల మోటర్‌హోమ్‌లో, అంటే లోపలే మంచాలు, వంటిల్లు ఉండే బండిలో. తర్వాత ఒక మే నెలలో మా ఆవిడా నేనూ, పైకప్పు లేచే చిన్న వ్యాన్‌లో. మూడోసారి పిల్లలతో కారులో, గదులు బుక్ చేసుకుని. నా లెక్క ముందే చెప్పేస్తాను. ఫొటోలు చూసి బండి ఎంచుకోవద్దు. పగలు రోడ్డు ఎంత వెడల్పు ఉంటుంది, రాత్రి బాత్రూమ్‌కి ఎవరు ఎన్నిసార్లు లేస్తారు, ఈ రెండూ చూసుకుంటే సగం తేలిపోతుంది.

## ముందు ఇవి చూసుకోండి

రోడ్డు. తూర్పు వైపు మామూలు రోడ్లే. పడమర, ఉత్తరాల్లో చాలాచోట్ల ఒక్క బండి పట్టేంత రోడ్డు, అందులోనే రెండు వైపులా రాకపోకలు. కొద్ది దూరానికొకటి చొప్పున రోడ్డు కాస్త ఉబ్బినట్టు ఉండే చోట్లుంటాయి, వాటిని పాసింగ్ ప్లేస్ అంటారు. అది మీ ఎడమవైపు ఉంటే అందులోకి తప్పుకోవాలి. కుడివైపు ఉంటే అటు దూరకూడదు, దానికి ఎదురుగా మీ వరుసలోనే ఆగి, వచ్చే బండిని అందులోంచి పోనివ్వాలి. వెనక ఎవరైనా తొందరలో ఉంటే వాళ్ళకీ దారి ఇవ్వాలి. అక్కడి వాళ్ళు ఆఫీసుకీ ఆస్పత్రికీ పోయే రోడ్డు అదే మరి. ఫొటో కోసం అక్కడ బండి నిలబెట్టడం, రాత్రి పడుకోవడం అసలు కూడదు.

ఇది డ్రైవింగ్ రానివాళ్ళకి కష్టం అనుకుంటారు గానీ, అసలు కావలసింది రివర్స్ నైపుణ్యం. వంద మీటర్లు వంకర రోడ్డులో వెనక్కి నడపగలరా? ఆ బండి పొడవు ఎంత? ఈ రెండు ప్రశ్నలకీ నిజాయితీగా జవాబు చెప్పుకోండి.

రాత్రి మకాం. "స్కాట్లాండ్‌లో ఎక్కడైనా ఆపుకుని పడుకోవచ్చు, చట్టమే ఉంది" అని చాలామంది చెప్తారు. సగమే నిజం. 2003 నాటి భూసంస్కరణ చట్టం ఇచ్చిన హక్కు కాలినడకన వెళ్ళి గుడారం వేసుకునేవాళ్ళకి. మోటారు బండ్లకు ఆ హక్కు లేదు. కాబట్టి క్యాంప్‌సైట్లో, రాత్రి ఆగనిచ్చే పార్కింగ్ స్థలాలో ముందుగా చూసుకోవాల్సిందే. జూలై, ఆగస్టుల్లో సాయంత్రం ఏడింటికి వెళ్ళి చోటు అడిగితే దొరక్కపోవచ్చు.

లైసెన్సు. మామూలు కారు లైసెన్సు మీద 3,500 కిలోల దాకా నడపొచ్చు. అద్దెకిచ్చే మోటర్‌హోమ్‌లు చాలావరకు ఆ లోపే ఉంటాయి. అయితే 3,500 అంటే మనుషులు, నీళ్ళు, సామాన్లు అన్నీ కలిపి. ట్యాంకులో వంద లీటర్ల నీళ్ళంటే వంద కిలోలు అక్కడే పోయాయి. ఇండియా నుంచి కొత్తగా వచ్చినవాళ్ళు మొదటి పన్నెండు నెలలు మన లైసెన్సు మీదే నడపొచ్చు కానీ, అద్దె కంపెనీలు వయసుకీ అనుభవానికీ సొంత షరతులు పెడతాయి. ఆటోమేటిక్‌లో టెస్టు పాసైనవాళ్ళు గేరు బండి నడపకూడదు. పెద్ద వాటిలో గేరు బండ్లే ఎక్కువ, కాబట్టి బుక్ చేసేముందే అడగండి.

బెల్టులు. ఆరుగురు పడుకోవచ్చని రాసినంత మాత్రాన ఆరుగురు ప్రయాణం చేయొచ్చని కాదు. పడకలు ఎన్ని, సీటు బెల్టులు ఎన్ని అని విడివిడిగా అడగాలి. పిల్లల సీటు బిగించడానికి వీలుందో లేదో కూడా.

## పెద్ద మోటర్‌హోమ్

ఏడు మీటర్ల పొడవు, మూడు మీటర్లకు అటూ ఇటూగా ఎత్తు, అద్దాలు కాకుండానే రెండు మీటర్ల పైన వెడల్పు. లోపల మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, హీటర్, షవర్, టాయిలెట్. క్యాంప్‌సైట్‌లో నిలబెట్టాక దీని సుఖం దీనిదే. వాన పడుతుంటే లోపల కూర్చుని వేడి వేడి ఉప్మా తింటూ కిటికీలోంచి సముద్రం చూడటం, అబద్ధం ఎందుకు, చాలా బాగుంటుంది.

రోడ్డెక్కితేనే కథ మారుతుంది. మా మొదటి ప్రయాణంలో కైల్స్‌కూ వంతెన దగ్గర నేవిగేషన్ చెప్పినట్టు విని డ్రంబెగ్ మీదుగా లాకిన్వర్ పోయే బి869 రోడ్డు పట్టాను. నిట్టనిలువు ఎక్కుడు, వెంటనే మలుపు, మలుపు తిరగగానే ఎదురుగా డెలివరీ వ్యాను. నాన్న కిందికి దిగి, పాతకాలం లారీ క్లీనర్‌లా వెనకవైపు బాడీ మీద చేత్తో కొడుతూ "రానీ... రానీ... ఎడం కొయ్యి... ఆపు!" అంటూ నన్ను పాసింగ్ ప్లేస్ దాకా వెనక్కి నడిపించారు. ఆ పది నిమిషాల టెన్షన్‌కి నా చొక్కా తడిసిపోయింది. లాక్ అసింట్ సరస్సు పక్కనుంచి పోయే ఏ894, ఏ837 రోడ్లు పట్టుకుంటే ఈ గొడవే ఉండదు. పైగా దారిలో ఆర్డ్‌వ్రెక్ కోట శిథిలాలు కూడా కనబడతాయి.

యాపిల్‌క్రాస్‌కి వెళ్ళే బెలాఖ్ నా బా కనుమ సంగతీ అంతే. గేలిక్ భాషలో ఆ పేరుకి పశువుల కనుమ అని అర్థం. సముద్రమట్టం నుంచి 626 మీటర్లకు ఎక్కిస్తుంది, కొన్నిచోట్ల వాలు ఇరవై శాతం దగ్గరకు వస్తుంది. తిరుమలలో ఎక్కడానికి ఒక రోడ్డు, దిగడానికి ఒక రోడ్డు ఉన్నాయి. ఇక్కడ ఎక్కేవాళ్ళకీ దిగేవాళ్ళకీ ఆ ఒక్క సన్న దారే. నేర్చుకునేవాళ్ళూ, బాగా పెద్ద బండ్లూ, కారవాన్‌లూ (కారు వెనక తగిలించి లాక్కెళ్ళే ఇళ్ళు) రావద్దని మొదట్లోనే బోర్డు ఉంటుంది. మోటర్‌హోమ్ ఉన్నవాళ్ళు షీల్డెగ్ వైపు నుంచి తీరం వెంట యాపిల్‌క్రాస్ వెళ్ళి, అదే దారిన వెనక్కి రావడం మేలు.

ఇక ఎవరూ ముందుగా చెప్పని విషయం ఒకటి. బండిలోని టాయిలెట్ కింద క్యాసెట్ అనే పెట్టె ఉంటుంది. అందులో పట్టేది పద్దెనిమిది లీటర్లకు అటూ ఇటూ. ఇద్దరు మనుషులకు రెండు రోజులు వస్తుందని అద్దెకిచ్చిన అబ్బాయి చెప్పాడు. అతని లెక్క కాగితం వాడేవాళ్ళది. మన ఇంట్లో నలుగురు, చేతిలో మగ్గు. తెల్లారేసరికి ఎర్ర దీపం వెలిగింది! ఆ పెట్టె బయటికి లాగి, సైట్‌లో దానికి కేటాయించిన చోటికి మోసుకెళ్ళి పారబోసి కడగాలి. ఎవరి డ్యూటీ అన్నది ఇంట్లోనే తేల్చుకుని బయల్దేరండి. మా ఇంట్లో తేలకపోతే అది నాకే పడింది. ఆ తర్వాత రాత్రుళ్ళు తప్ప బండి టాయిలెట్ వాడొద్దని, పగలు సైట్‌లో ఉన్నవే వాడాలని తీర్మానం చేశాం. అరవై దాటిన నాన్నకి రాత్రి రెండు మూడుసార్లు లేవడం, ఆ సన్నటి తలుపులో ఒరుసుకుంటూ దూరడం, అందరికీ మెలకువ రావడం మామూలైపోయింది.

## పైకప్పు లేచే చిన్న వ్యాన్

ఫోక్స్‌వ్యాగన్ కాలిఫోర్నియా లాంటివి. అయిదు మీటర్లకు అటూ ఇటూగా పొడవు, రెండు మీటర్ల లోపు ఎత్తు. నడపడం కారు నడిపినట్టే. ఒంటి వరుస రోడ్డులో పాసింగ్ ప్లేస్‌లో చక్కగా ఇముడుతుంది, కనుమ మీద కూడా ఇబ్బంది లేదు. డర్నెస్ దాటాక కియనబెన్ బీచ్ దగ్గర పెద్ద బండ్లకు చోటు లేని చిన్న పార్కింగ్‌లో మేం హాయిగా ఆపుకుని, తలుపు తీసి టీ కాచుకున్నాం.

కష్టం రాత్రిపూట. సాధారణంగా లోపల టాయిలెట్, షవర్ ఉండవు. మంచినీళ్ళ ట్యాంకు ముప్ఫై లీటర్లు. సీటు మడిస్తే మంచం, మంచం మడిస్తే సీటు, కాబట్టి ఒకరు లేస్తే రెండోవాళ్ళూ లేవాల్సిందే. పైన పరుపు మీద పడుకుంటే గుడ్డ గోడలు, గాలి వీస్తే తెరచాపలా కొట్టుకుంటాయి. ఇద్దరు దంపతులకూ, ఇద్దరు స్నేహితులకూ బాగుంటుంది. ముగ్గురైతే ఓర్పు కావాలి. నలుగురంటే నేను వద్దంటాను.

## ఆరు మీటర్ల వ్యాన్

ఫియట్ డ్యుకాటో లాంటి సరకుల వ్యాన్‌ని లోపల ఇల్లులా మార్చినది. వెడల్పు రెండు మీటర్ల పైచిలుకే, పెద్ద మోటర్‌హోమ్ కన్నా సన్నం. నిలబడి తిరగొచ్చు, మంచం పరిచే ఉండొచ్చు, చిన్న టాయిలెట్ ఉంటుంది. నేను దీన్ని అద్దెకు తీసుకోలేదు గానీ స్నేహితుడి దాంట్లో రెండు రాత్రులు ఉన్నాను. ఇద్దరికీ, లేదా ఇద్దరు పెద్దవాళ్ళకూ ఒక చిన్నపిల్లకూ ఇదే సరైన కొలత. బెలాఖ్ నా బా మీదికి మాత్రం దీన్నీ ఎక్కించకపోవడమే మంచిది.

## కారు, గదులు

దీన్ని తక్కువగా చూస్తారు. నా లెక్కలో మన కుటుంబాలు చాలావాటికి ఇదే నప్పుతుంది. రోడ్డు భయం లేదు. రాత్రి మామూలు మంచం, మామూలు బాత్రూమ్. ఎక్కడ పడితే అక్కడ ఆపి చూడొచ్చు.

ఇబ్బందులు రెండు. మొదటిది, ఊళ్ళు చిన్నవి, గదులు తక్కువ. వేసవికి నాలుగైదు నెలల ముందే బుక్ చేయాలి. మీ ప్రయాణం ఆ బుకింగులకు కట్టుబడి ఉంటుంది, ఎండ బాగుంది ఇంకో రోజు ఉందామంటే కుదరదు. రెండోది తిండి. పబ్బుల్లో వంటగది రాత్రి తొందరగా మూసేస్తారు. జూన్‌లో పదింటికి కూడా వెలుతురు ఉంటుంది కాబట్టి టైము తెలియదు, ఆకలేసి వెళ్ళేసరికి పొయ్యి ఆరిపోయి ఉంటుంది. శాకాహారులకు సూపూ చిప్సే గతి అయ్యే రోజులుంటాయి. అందుకని రోజుకో గది కాకుండా, వంటగది ఉన్న ఇల్లు అల్లాపూల్ ప్రాంతంలో ఒకటి, డర్నెస్‌కో థర్సోకో దగ్గరలో ఇంకోటి తీసుకుని, అక్కడి నుంచి తిరగడం మాకు బాగా కుదిరింది.

కారూ గుడారమూ అనే నాలుగో దారి ఉంది. కుర్రాళ్ళు వెళ్తారు, గాలికి గుడారం ఎగిరిపోతే దాన్ని కథగా చెప్పుకుంటారు. కుటుంబంతో మాత్రం వద్దు.

## పక్కపక్కన పెడితే

| | చిన్న వ్యాన్ | ఆరు మీటర్ల వ్యాన్ | పెద్ద మోటర్‌హోమ్ | కారు, గదులు |
|---|---|---|---|---|
| ఒంటి వరుస రోడ్లు | సులువు | పర్లేదు | కష్టం | సులువు |
| బెలాఖ్ నా బా | వెళ్ళొచ్చు | మానుకోండి | వద్దు | వెళ్ళొచ్చు |
| రాత్రి బాత్రూమ్ | సైట్‌దే | చిన్నది | ఉంది, పెట్టె మోయాలి | ఇంట్లో ఉన్నట్టే |
| మన వంట | బయట పెట్టుకుంటే మేలు | రెండు పొయ్యిలు | బాగా కుదురుతుంది | వంటగది ఇల్లయితేనే |
| మనసు మారితే | ఎటైనా తిప్పొచ్చు | తిప్పొచ్చు | చోటు దొరకాలి | బుకింగే దిక్కు |
| ఎందరికి | 2 | 2, 3 | 4 | ఎందరికైనా |

ఖర్చు సంగతి. మోటర్‌హోమ్ తీసుకుంటే హోటల్ డబ్బు మిగులుతుందనుకోవడం పొరపాటు. వేసవిలో అద్దే రోజుకు వంద పౌండ్లు దాటడం మామూలు, దానిమీద ప్రతి రాత్రీ సైట్ రుసుము. పక్కదార్లతో కలిపి 700 మైళ్ళు తిరిగితే, గ్యాలన్‌కి 25 మైళ్ళిచ్చే పెద్ద బండి దాదాపు 130 లీటర్ల డీజిల్ తాగుతుంది. 45 ఇచ్చే కారుకి 70 లీటర్లు చాలు. డబ్బు కోసమే అయితే మోటర్‌హోమ్ అక్కర్లేదు. అందులో ఉండాలన్న సరదా ఉంటే తీసుకోండి, ఆ సరదాకి ఆ డబ్బు ఇవ్వొచ్చు.

## వంట గురించి కాస్త ఎక్కువే చెప్పాలి

వ్యాన్ ఏదైనా తీసుకుంటే కరెంటు హుకప్ (బండికి కరెంటు తీగ తగిలించుకునే వీలు) ఉన్న చోటే బుక్ చేయండి. అయితే అక్కడిచ్చే కరెంటు చాలాచోట్ల పది ఆంపియర్లు, అంటే 2,300 వాట్లు. 750 వాట్ల మన మిక్సీ, చిన్న రైస్ కుక్కర్ హాయిగా నడుస్తాయి. ఇంట్లోంచి తెచ్చిన మూడు వేల వాట్ల కెటిల్ పెట్టామా, కరెంటు టప్పున పోతుంది. మేం అలా చేశాక రిసెప్షన్ ఆవిడ వచ్చి స్విచ్ వేస్తూ "కెటిల్ కదూ?" అని అడిగింది.

పోపు మాత్రం బయటే పెట్టండి. ఇంగువ, ఎండుమిరపకాయల ఘాటు ఆ కర్టెన్లకు పట్టిందంటే వారం దాకా వదలదు. పసుపు ఇంకా ప్రమాదం. వంటగట్టు మీద అర చెంచా పసుపు మరక పడిందని అద్దె కంపెనీ మా డిపాజిట్‌లో కొంత కోసుకుంది. అందుకే రెండోసారి పులిహోర గుజ్జు ఇంట్లోనే చేసుకుని, సీసాలో పట్టుకెళ్ళాం. ఉదయం కుక్కర్‌లో అన్నం, రెండు చెంచాల గుజ్జు, పని అయిపోయింది. సరుకులు ఇన్వర్నెస్‌లోనే కొనేయండి. అల్లాపూల్‌లో టెస్కో ఉంది, ఆ తర్వాత పెద్ద దుకాణం కావాలంటే థర్సో దాకా ఆగాలి, మధ్యలో ఊరి చిల్లర కొట్లే. కందిపప్పు, కరివేపాకు ఇంటి నుంచే. డీజిల్ కూడా సగం ట్యాంకు ఉండగానే నింపుకోవాలి.

## ఎవరికి ఏది

దంపతులు, పిల్లల్లేనివాళ్ళు. చిన్న వ్యాన్, మే నెలలో. బడ్జెట్ ఉంటే ఆరు మీటర్లది.

చిన్నపిల్లలున్నవాళ్ళు. పిల్లలకు బండిలో పడుకోవడమే పండగ, ఎక్కడికి వెళ్తున్నామన్నది వాళ్ళకి అనవసరం. నడపడంలో ధైర్యం ఉంటే మోటర్‌హోమ్ తీసుకుని, చుట్టంతా తిరగకుండా తూర్పు తీరం, డర్నెస్ వరకు చూసుకోండి. ధైర్యం లేకపోతే కారు.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో. కారు, వంటగది ఉన్న ఇల్లు, గ్రౌండ్ ఫ్లోర్. ఇందులో నాకు రెండో మాట లేదు. మా అమ్మకి ఆ ప్రయాణంలో నచ్చినది స్మూ గుహలో దూకే జలపాతం. నచ్చనిది రోజూ రాత్రి బల్ల మడిచి, దిండ్లు పేర్చి మంచం చేయడం.

నలుగురు స్నేహితులు. రెండు చిన్న వ్యాన్లు అద్దెకు తీసుకోవచ్చు గానీ ఖర్చు. కారు, బంక్‌హౌస్ (ఒకే గదిలో మంచాలు అద్దెకిచ్చే వసతి) మంచాలు చవక. ఒక జాగ్రత్త: స్కాట్లాండ్‌లో తాగి నడపడానికి పరిమితి వంద మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాములు, ఇంగ్లాండ్‌లో 80. రాత్రి విస్కీ పుచ్చుకుని పొద్దున్నే బండి తీసేవాళ్ళు ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి.

## ఎటునుంచి, ఎప్పుడు

పెద్ద బండి మొదటిసారి నడుపుతుంటే తూర్పు వైపు నుంచి మొదలుపెట్టండి. వెడల్పు రోడ్ల మీద రెండు రోజులు చేయి అలవాటయ్యాక పడమటి ఒంటి వరుసలు వస్తాయి. కారైతే పడమర నుంచి మొదలుపెట్టొచ్చు. అలా వెళ్తే సముద్రం మీ ఎడమవైపే ఉంటుంది, ఆపుకోవడం సులువు.

చుట్టంతా హాయిగా తిరగాలంటే ఎనిమిది నుంచి పది రోజులు కావాలి. అయిదు రోజులే ఉంటే తూర్పు వదిలేయండి. ఇన్వర్నెస్ నుంచి అల్లాపూల్, డర్నెస్ వరకు వెళ్ళి, లాక్స్‌ఫర్డ్ బ్రిడ్జ్ దాకా వెనక్కి వచ్చి, లెయిర్గ్ మీదుగా దిగిపోవచ్చు. లండన్ వైపు వాళ్ళు బండిని అక్కడి నుంచే నడుపుకుంటూ రావడం కన్నా, యూస్టన్‌లో రాత్రి రైలెక్కి ఇన్వర్నెస్‌లో దిగి అక్కడే అద్దెకు తీసుకుంటే రెండు రోజులు మిగులుతాయి.

మే మంచిది, సెప్టెంబరు ఫర్వాలేదు. జూలై, ఆగస్టుల్లో మిడ్జ్‌లు అనే కుట్టే పురుగులు. ఆవగింజలో సగం కూడా ఉండవు, గుంపులుగా వచ్చి జుట్టులో దూరి కుడతాయి. గాలి ఉన్నరోజు కనబడవు, గాలి ఆగిందా, వచ్చేస్తాయి. స్మిడ్జ్ అనే మందు ఊళ్ళో దుకాణాల్లో దొరుకుతుంది. పోపు బయట పెట్టమన్నాను కదా, జూలై సాయంత్రాలకు ఆ సలహా పనికిరాదు. ఆ నెలల్లో వెళ్తే పోపు మధ్యాహ్నమే కానిచ్చుకోండి. అక్టోబరు చివర నుంచి వసంతం దాకా చాలా క్యాంప్‌సైట్లు మూసేస్తారు, అప్పుడు వెళ్ళాలనుకుంటే కారు తప్ప వేరే ఆలోచన పెట్టుకోవద్దు.